పెంచింది లష్కర్... ఆడించింది కలకత్తా!

సికింద్రాబాద్ స్టేషన్లో మేడ్చల్ వెళ్ళే ఎంఎంటీఎస్ రైలెక్కి కిటికీ పక్కన కూర్చోండి. మల్కాజిగిరి, దయానంద్‌నగర్, సఫిల్‌గూడ, రామకృష్ణాపురం దాటాక అమ్ముగూడ వస్తుంది. చిన్న స్టేషను. అలా ఆగినట్టే ఆగి రైలు కదిలిపోతుంది. ఆ తర్వాత వచ్చే స్టేషన్ బోర్డు చదివితే చాలు, ఎక్కడున్నామో తెలిసిపోతుంది... కావల్రీ బ్యారక్స్! పేరులోనే పటాలం వినిపిస్తుంది.

ఇది తెల్లదొరల నాటి దండు. 1806లో నిజాం సికందర్ జా పేరు మీద వెలిసిన ఊరు. నగరంలో పాతకాలం వాళ్ళు దీన్నిప్పటికీ లష్కర్ అంటారు. బోనాల పండగొస్తే ‘లష్కర్ బోనాలు’ అని పేపర్లో మేమూ రాస్తాం. ఈ లష్కర్‌కు బోనాలూ, క్లాక్‌టవరూ, ఇరానీ చాయ్‌తో పాటు ఇంకో గుర్తు కూడా ఉండేది. అదే ఫుట్‌బాల్.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద మనదేశం తరఫున గోల్ కొట్టిందెవరో తెలుసా? ఇందాక మనం దాటొచ్చిన అమ్ముగూడ కుర్రాడే. పేరు తులసీదాస్ బలరామ్. తర్వాత పెరూ మీదా అతనే కొట్టాడు. కానీ అప్పటికి అతని చిరునామా అమ్ముగూడ కాదు, కలకత్తా. 1957లోనే ఈస్ట్ బెంగాల్ క్లబ్బు అతన్ని పట్టుకుపోయింది.

పుట్టింది ఇక్కడ, ఆడింది అక్కడ. లష్కర్ ఫుట్‌బాల్ కథంతా ఈ రెండు ముక్కల్లోనే ఉంది. ఇప్పుడా కథకు మూడో ముక్క కూడా చేరింది. ఆటగాళ్ళే కాదు, ఏకంగా జట్టే ఊరొదిలి వెళ్ళిపోయింది!

దండు నేర్పిన ఆట

‘బదిలీ’ అనే మాట సికింద్రాబాద్‌కు కొత్తేమీ కాదు. ఒకవైపు పటాలం, మరోవైపు రైల్వే. తిరుమలగిరి, బొల్లారం బ్యారకుల్లో సైనికులు వస్తారు, పోతారు. మెట్టుగూడ, లాలాగూడ రైల్వే క్వార్టర్లలో ఒక ఇల్లు ఖాళీ అయితే ఇంకో కుటుంబం దిగుతుంది. ఎక్కడెక్కడి వాళ్ళో ఉద్యోగాల కోసం వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. దండుతో పాటు వచ్చిన తమిళ కుటుంబాలు, ఆంగ్లో ఇండియన్లు, తెలుగువాళ్ళు, ఉర్దూ మాట్లాడేవాళ్ళు... అందరి పిల్లలకూ ఒకటే భాష కుదిరింది. బంతి!

తెల్ల సైనికులు సాయంత్రాలు మైదానంలో ఆడుతుంటే గట్టు మీద కూర్చుని చూసిన పిల్లలు, వాళ్ళు వెళ్ళాక అదే మైదానంలో ఉత్త కాళ్ళతో ఆడారు. ఆ పిల్లలే పెద్దయి క్లబ్బులు పెట్టుకున్నారు. మార్నింగ్ స్టార్, ఫ్రెండ్స్ యూనియన్... ఇవన్నీ సికింద్రాబాద్ క్లబ్బులే. ఈ రెండు క్లబ్బుల్లోనూ ఆడిన ఓ పొడగరి కుర్రాడు 1953లో సైన్యంలో చేరాడు. మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ అతన్ని గోల్‌కీపర్‌గా తీర్చిదిద్దింది. 1955లో, 1958లో ఆ జట్టు డ్యూరాండ్ కప్పు గెలిచింది. ఆ గోల్‌కీపరే పీటర్ తంగరాజ్. ఆ తర్వాత కలకత్తాలోని మూడు పెద్ద క్లబ్బులు మహమ్మదన్ స్పోర్టింగ్, మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్... మూడింటికీ ఆడాడు. 1967లో అర్జున అవార్డు అందుకున్నాడు.

ఒకే దండు, ఒకే తరం. ఒకడు గోల్ కొట్టేవాడు, ఇంకొకడు గోల్ ఆపేవాడు. ఇద్దరూ రోమ్ వెళ్ళిన జట్టులో ఉన్నారు.

అద్దె సైకిలు ఖర్చు

ఇప్పటి క్లబ్బుల్లో ఆటగాళ్ళను వెతకడానికి ప్రత్యేకంగా స్కౌట్లుంటారు. వీడియోలు చూస్తారు, కంప్యూటర్లో లెక్కలు వేస్తారు. ఆ రోజుల్లో హైదరాబాద్‌కు ఉన్నది ఒకే ఒక్క కన్ను. అది సయ్యద్ అబ్దుల్ రహీం గారిది. బడిపంతులుగా పనిచేసిన ఆయన ఇటు హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి, అటు సిటీ పోలీస్ జట్టు కోచ్. 2024లో వచ్చిన ‘మైదాన్’ హిందీ సినిమా చూసినవారికి పరిచయం అక్కర్లేదు.

మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు ముందు మాట. సికింద్రాబాద్‌లో బలరామ్ ఆట చూసి, హైదరాబాద్ వచ్చి శిక్షణలో చేరమన్నారు రహీం. అమ్ముగూడ నుంచి నగరంలోని ఫతే మైదాన్ పదిహేను కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. కుర్రాడి దగ్గర సైకిలు లేదు. అద్దెకు తీసుకుందామంటే డబ్బూ లేదు. రహీం గారే జేబులోంచి తీసి సైకిలు అద్దె ఇచ్చారట! ఈ సంగతి బలరామే తర్వాతి రోజుల్లో చెప్పుకున్నారు. అతని మొదటి బూట్లు కూడా పాత పోలీసు బూట్లను విప్పి చెప్పులు కుట్టే అతను తయారుచేసి ఇచ్చినవే.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. తర్వాత భారత జట్టుకు ఒలింపిక్స్‌లో గోల్స్ తెచ్చిపెట్టిన ఆటగాణ్ణి సంపాదించడానికి హైదరాబాద్ పెట్టిన పెట్టుబడి... ఒక సైకిలు అద్దె!

అలాగని అదంతా అదృష్టం అనుకుంటే పొరపాటు. దాని వెనక పద్ధతి ఉంది. రహీం రకరకాల పోటీలు పెట్టేవారు. ఒక పోటీలో బంతిని కాలి దగ్గర ఉంచుకుని ఒక్కడే పరుగెత్తకూడదు, వెంటనే ఇంకొకరికి అందించాల్సిందే. మరో పోటీలో అలవాటు లేని కాలితోనే ఆడాలి. ఇలాంటి ఆటలో ఎవడి బుర్ర చురుకైందో, ఎవడి కాలు మొండిదో ఇట్టే బయటపడుతుంది. పోటీ పెట్టినట్టూ అవుతుంది, ఏరుకున్నట్టూ అవుతుంది.

ఏరుకున్నాక నిలబెట్టుకోవాలి కదా. అందుకు పోలీసు ఉద్యోగం ఉండేది. నెల తిరిగేసరికి జీతం వస్తే ఆటగాడికి బెంగ ఉండదు. ఆటా, అన్నమూ ఒకే చోట దొరికాయి. ఫలితం? 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్పు హైదరాబాద్ సిటీ పోలీస్‌దే. 1950లో డ్యూరాండ్ ఫైనల్లో మోహన్ బగాన్ మీదే గెలుపు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మనదేశం నాలుగో స్థానంలో నిలిచిందంటే, ఆ జట్టులో అరడజనుకు పైగా హైదరాబాదీలే. ఆ వైభవం చూశాక కలకత్తా ఊరుకుంటుందా?

హౌరా మెయిలెక్కిన గోల్స్

అప్పట్లో ఇక్కణ్ణుంచి కలకత్తా వెళ్ళాలంటే బెజవాడ చేరి మద్రాసు - హౌరా మెయిలు పట్టుకోవాలి. ఇప్పుడైతే సికింద్రాబాద్‌లోనే ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఎక్కొచ్చు. పదిహేను వందల కిలోమీటర్ల పైచిలుకు దూరం. ఆ దారిలో ఎందరు ఆటగాళ్ళు వెళ్ళారో!

కలకత్తాలో ఫుట్‌బాల్ అంటే పిచ్చి. లీగు మొదలయ్యే ముందు అక్కడ ‘బదిలీల సీజన్’ అని ఒకటి ఉండేది. ఏ ఆటగాడు ఏ క్లబ్బుకు సంతకం పెడతాడన్నది పెద్ద వార్త. ఎదుటి క్లబ్బువాళ్ళు ఎత్తుకుపోతారని, సంతకం అయ్యేదాకా ఆటగాణ్ణి ఎవరి ఇంట్లోనో దాచిపెట్టేవారు. మన ఊళ్ళలో పంచాయతీ ఎన్నికలప్పుడు వార్డు మెంబర్లను క్యాంపులకు తీసుకెళ్ళినట్టే!

ఈస్ట్ బెంగాల్ కార్యదర్శి జ్యోతిష్ చంద్ర గుహకు దక్షిణాది ఆటగాళ్ళ మీద ప్రత్యేకమైన గురి. 1940ల చివర్లో ఆ క్లబ్బు ముందు వరసలో ఆడిన ఐదుగురిని అభిమానులు ‘పంచ పాండవులు’ అనేవారు. వెంకటేశ్, అప్పారావు, ధనరాజ్, అహ్మద్ ఖాన్, సాలే... ఐదుగురూ దక్షిణాది వాళ్ళే. అందులో అప్పారావు మన తెలుగువాడు. అలాంటి క్లబ్బు కంట్లో మెల్‌బోర్న్ వెళ్ళొచ్చిన బలరామ్ పడకుండా ఉంటాడా? 1957లో తీసుకుపోయింది. 1961లో కెప్టెన్‌ను చేసింది. ఆ ఏడాది కలకత్తా లీగులో 23 గోల్స్ కొట్టి అందరికంటే ముందు నిలిచాడు, జట్టుకు లీగూ గెలిపించాడు.

తర్వాత 1966లో హైదరాబాద్ నుంచి ఇంకో కుర్రాడు వెళ్ళాడు. వయసు పదిహేడేళ్ళు. పేరు మహమ్మద్ హబీబ్. కలకత్తా అతన్ని ‘బడే మియా’ అని నెత్తిన పెట్టుకుంది. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మదన్... ఏ రంగు చొక్కా వేసుకుంటే ఆ రంగు కోసం ప్రాణం పెట్టాడు. తమ్ముడు అక్బర్ కూడా వెళ్ళాడు. 1976లో ఈస్ట్ బెంగాల్ మీద మోహన్ బగాన్ తరఫున ఆట మొదలైన 17 సెకన్లకే గోల్ కొట్టింది ఈ అక్బరే. మరుసటి ఏడాది పీలే తన కాస్మోస్ జట్టుతో ఈడెన్ గార్డెన్స్‌కు వస్తే మ్యాచి 2-2తో ముగిసింది. మోహన్ బగాన్ కొట్టిన ఆ రెండు గోల్స్‌లో ఒకటి హబీబ్‌ది. 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన జట్టు కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్ కూడా హైదరాబాద్ నుంచి వెళ్ళినవాడే.

మరి కలకత్తా మన ఆటగాళ్ళను దోచుకుందా? కొందరు అభిమానులు ఇప్పటికీ అలాగే అంటారు. కానీ లెక్క వేసి చూడండి. వాళ్ళు వెళ్ళారు కాబట్టే లక్షమంది చూశారు, పేరొచ్చింది, నాలుగు డబ్బులూ వచ్చాయి. బలరామ్ వెళ్ళిపోయిన 1957లోనే సిటీ పోలీస్ రోవర్స్ కప్పు మళ్ళీ గెలిచింది. 1961లో ఆంధ్రప్రదేశ్ పోలీస్ పేరుతో డ్యూరాండ్ గెలిచింది. 1965-66లో సంతోష్ ట్రోఫీ కూడా మనదే. అంటే, ఒకడు వెళ్తే ఇంకొకడు వచ్చాడు. చేదతో ఎంత తోడినా బావి నిండుతూనే ఉంది. ఊట ఉన్నంతకాలం తోడుకుపోయేవాడి మీద కోపం రాదు. ఊట ఆగినప్పుడే కడుపు మండుతుంది.

1963 జూన్‌లో రహీం గారు కన్నుమూశారు. అంతకు ముందు ఏడాదే జకార్తా ఆసియా క్రీడల్లో దేశానికి స్వర్ణం తెచ్చిపెట్టారు. ఆయన పోయాక ఆ కన్ను మూతపడింది. మెల్లగా ఉద్యోగాల ఊతమూ తగ్గింది. 1965-66 తర్వాత సంతోష్ ట్రోఫీ మళ్ళీ మన గడప తొక్కలేదు. 2024 డిసెంబరు 31న ఫైనల్ మన గచ్చిబౌలిలోనే జరిగితే, కప్పు ఎత్తుకుంది... ఇంకెవరు, బెంగాల్!

కొనుక్కున్న కప్పు

ఇక ఈ కాలం సంగతికి వద్దాం. 2019 ఆగస్టులో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది. పుణె సిటీ క్లబ్బు మూతపడితే ఇండియన్ సూపర్ లీగులో దాని చోటు మనకు దక్కింది. గచ్చిబౌలి స్టేడియం సొంతగడ్డ. లష్కర్ నుంచి దూరమే అయినా అభిమానులు లెక్కచేయలేదు. మొదటి సీజన్లో జట్టు అట్టడుగున నిలిచినా లెక్కచేయలేదు.

2020లో స్పెయిన్ నుంచి మనోలో మార్కెజ్ కోచ్‌గా వచ్చాడు. ఆటగాళ్ళను ఎంచుకోవడంలో ఆ క్లబ్బు అప్పుడు చూపిన తెలివిని మాబోటి అభిమానులం ఇప్పటికీ మెచ్చుకుంటాం. పేరు మోసిన వాళ్ళ కోసం ఎగబడకుండా కుర్రాళ్ళను తెచ్చింది. ఆకాశ్ మిశ్రా పద్దెనిమిదేళ్ళ వయసులో వచ్చాడు. ఆశిష్ రాయ్, లిస్టన్ కొలాసో, రోహిత్ దాను... అందరూ చిన్నవాళ్ళే. వాళ్ళకు తోడు 2021లో నైజీరియా ఆటగాడు ఒగ్బెచేను తెచ్చింది. పెళ్ళిలో పిల్లలంతా పరుగులు పెడుతుంటే పందిరి కింద ఒక పెద్దాయన ఉన్నట్టు! 37 ఏళ్ళ ఆ పెద్దాయన ఆ సీజన్లో 18 గోల్స్ కొట్టి లీగులోనే మొదటి స్థానంలో నిలిచాడు.

2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దాలో ఫైనల్. కేరళ బ్లాస్టర్స్ ఒక గోల్ ముందుంది. ఇంకాసేపట్లో ఆట ముగుస్తుందనగా సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టి సమం చేశాడు. పెనాల్టీల్లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడింటిని ఆపాడు. 3-1తో కప్పు హైదరాబాద్‌ది!

పండగే. కానీ రెండు సంగతులు మనసులో ముల్లులా ఉండిపోయాయి. కోవిడ్ వల్ల ఆ సీజన్ అంతా గోవాలోనే జరిగింది. హైదరాబాద్ చాంపియన్ అయిన ఏడాది హైదరాబాద్‌లో ఒక్క మ్యాచీ జరగలేదు. రెండోది, ఆ రాత్రి గెలిపించిన తవోరా, కట్టిమణి ఇద్దరూ గోవా బిడ్డలే. గోవా గడ్డ మీద గోవా బిడ్డలు హైదరాబాద్‌కు కప్పు గెలిపించారు. అందులో తప్పేం లేదు, ఫుట్‌బాల్ ఇప్పుడలాగే ఉంది. కానీ మన ఆటగాళ్ళతో కలకత్తా ఒకప్పుడు చేసిందీ ఇదే కదా!

కలకత్తా బదిలీలు మళ్ళీ మొదలయ్యాయి కూడా. లిస్టన్ కొలాసో 2021లోనే మోహన్ బగాన్‌కు వెళ్ళాడు. మన ఆటగాడి బదిలీకి అప్పటికదే రికార్డు ధర, కోటి రూపాయలని పత్రికలు రాశాయి. 2022లో ఆశిష్ రాయ్ అటే వెళ్ళాడు. 2023లో ఆకాశ్ మిశ్రా ముంబయికి వెళ్ళాడు. కుర్రాణ్ణి తెచ్చి, తీర్చిదిద్ది, మంచి ధరకు అమ్మి, ఆ డబ్బుతో ఇంకో కుర్రాణ్ణి తేవడం... చిన్న క్లబ్బు బతకడానికి అదొక మంచి మార్గమే. ప్రపంచంలో ఎన్నో క్లబ్బులు అలాగే బతుకుతున్నాయి.

కానీ 2023 వచ్చేసరికి క్లబ్బులో డబ్బు కటకట మొదలైంది. జీతాలు నిలిచాయి. బకాయిల గొడవలతో కొత్తవాళ్ళను చేర్చుకోకుండా ఫిఫా నిషేధం పెట్టింది. ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. 2023-24లో 22 మ్యాచులాడి గెలిచింది ఒక్కటే. మిగిలిన కుర్రాళ్ళు మాత్రం చివరిదాకా చొక్కా విప్పకుండా ఆడారు. 2024లో జిందాల్ సంస్థ కొనుక్కుంది. 2025 అక్టోబరులో జట్టు ఢిల్లీకి మారింది. పేరు కూడా మారిపోయింది... స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ!

క్రికెట్ అభిమానులకు ఈ బాధ తెలుసు. 2008 ఐపీఎల్‌లో చివరి స్థానం, 2009లో చాంపియన్, 2012లో కనుమరుగు... దక్కన్ చార్జర్స్‌ది కూడా ఇదే వరస. క్రికెట్‌కైతే ఆ వెంటనే సన్‌రైజర్స్ వచ్చింది. ఫుట్‌బాల్‌కు ఎవరొస్తారు? అలాగని చీకటే లేదు. మొయినాబాద్ దగ్గర అజీజ్‌నగర్‌లో సొంత మైదానం కట్టుకున్న శ్రీనిధి దక్కన్ ఉంది. 2022-23, 2023-24 ఐ-లీగుల్లో రెండుసార్లూ రెండో స్థానం సాధించింది.

అభిమాని లెక్క

ఆటగాడికి బదిలీ ఉంటుంది, కోచ్‌కు ఉంటుంది, ఇప్పుడు జట్టుకూ ఉంటుందని తేలింది. అభిమానికి మాత్రం బదిలీ ఉండదు. అతను ఢిల్లీ జట్టుకు చప్పట్లు కొట్టలేడు. అందుకే అతని మాట కాస్త వినాలి.

మొదటి మాట... వెతకడం సైకిలు దూరంలో మొదలుకావాలి. 1967లో ఐరోపా కప్పు గెలిచిన స్కాట్లండ్ జట్టు సెల్టిక్‌ను చూడండి. ఆ పదకొండు మందీ వాళ్ళ స్టేడియానికి యాభై కిలోమీటర్ల లోపు పుట్టినవాళ్ళే. రహీం చేసిందీ అదే. బయటివాళ్ళను తేవొద్దని కాదు. ఇంటి పిల్లలు అరడజను మంది ఉంటే, యజమాని మారినా జట్టును ఊరు వదులుకోదు.

రెండోది... అన్నం. సిటీ పోలీస్ కొట్టిన కప్పులకు పునాది నెల జీతమే. హైదరాబాద్ ఎఫ్‌సీ కూలిందీ జీతం దగ్గరే. బలరామ్ కూడా 1963లో ఈస్ట్ బెంగాల్ వదిలి చేరింది రైల్వే జట్టు బీఎన్‌ఆర్‌లోనే. అనారోగ్యంతో ఇరవై ఏడేళ్ళకే ఆట ఆపేయాల్సి వచ్చినప్పుడు ఆదుకుంది ఆ ఉద్యోగమే. ఉద్యోగాలు వద్దని ఆటనే నమ్ముకున్న హబీబ్ లాంటివాళ్ళు నూటికొకరు. మిగతా తొంభై తొమ్మిది మంది తల్లిదండ్రులూ ‘ఆడితే రేపేంటి?’ అని అడుగుతారు. దానికి జవాబు చెప్పగలిగిన క్లబ్బే పిల్లల్ని రప్పించుకుంటుంది.

మూడోది... పెంచిన చేతికి వాటా. తంగరాజ్‌ను తయారుచేసిన చిన్న క్లబ్బులకు దక్కింది ఏమిటి? జ్ఞాపకమే. ఇప్పుడు ఒక దేశం నుంచి మరో దేశానికి ఆటగాడు డబ్బుకు మారితే, ఆ సొమ్ములో ఐదు శాతం అతను పన్నెండు నుంచి ఇరవై మూడేళ్ళ మధ్య ఆడిన క్లబ్బులకు పంచాలని ఫిఫా 2001లో నియమం పెట్టింది. గల్లీ క్లబ్బుకు అలాంటి ఆశ ఒకటుంటే, పిల్లలకు బూట్లు కొనడానికి ఎవరో ఒకరు ముందుకొస్తారు.

ఒక ఆదివారం పొద్దున్నే ఇంటిల్లిపాదీ అలా లష్కర్ చుట్టి రండి. పరేడ్ గ్రౌండ్స్, పక్కనే జింఖానా మైదానం, అక్కణ్ణుంచి తిరుమలగిరి మీదుగా అమ్ముగూడ, బొల్లారం. తిరుగు ప్రయాణానికి ఎంఎంటీఎస్ ఉండనే ఉంది. దండు చెట్ల నీడ ఇంకా మిగిలే ఉంది. దారిలో మీ పిల్లలకు ఇద్దరి గురించి చెప్పండి. బలరామ్ 2023 ఫిబ్రవరి 16న కోల్‌కతాలో కన్నుమూశారు. హబీబ్ అదే ఏడాది ఆగస్టు 15న హైదరాబాద్‌లో వెళ్ళిపోయారు. ఒకరు వెళ్ళినచోటే స్థిరపడ్డారు, ఒకరు పుట్టినచోటికి తిరిగొచ్చారు. ఇద్దర్నీ కన్న ఊరు ఇది.

ఈ ఊరికి కావాల్సింది కోట్లు పోసి కొన్న ఇంకో జట్టు మాత్రమే కాదు. మైదానం గట్టు మీద నిలబడి, ఏ కుర్రాడి కాలు బాగుందో చూసి, సైకిలు అద్దె జేబులోంచి తీసి ఇచ్చే ఒక మనిషి.